బిల్కిస్ బీ కథలకు అనుమతి

నా ఉద్యోగం ఏమిటో మా చుట్టాలకు ఇప్పటికీ సరిగా తెలియదు. "పుస్తకాల కంపెనీల పని జేసింది" అని చెప్పుకుంటారు. నిజమే, హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. కానీ నేను పుస్తకాలు రాయలేదు, దిద్దలేదు, అమ్మలేదు. అనుమతులు తెచ్చేదాన్ని. ఒకరి కథను ఇంకొకరు నాటకం చేయాలన్నా, ఒకరు సృష్టించిన పాత్రను తీసుకుని మరొకరు కొత్త కథలు రాయాలన్నా, హక్కులున్న వాళ్ల గడప ఎక్కి అడిగే మనిషి ఒకరు ఉండాలి. మా సంస్థలో ఆ మనిషిని నేనే.

రిటైరై సొంతూరు మెదక్‌కు వచ్చేశాక, ఈ పనిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, ముందుగా ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. ఒప్పందం ఎలా రాయాలో వకీలు చెబుతాడు. నేను చెప్పగలిగేది బిల్కిస్ బీ సంగతి. ఆమె విషయంలో నేను ఒకసారి పెద్ద తప్పు చేశాను. దాన్ని దిద్దుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

గాజులమ్మే డిటెక్టివ్

మెదక్‌లో కరీం మాస్టర్ అని ఒక బడిపంతులు ఉండేవారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు, పిల్లలకు ఆయన అబ్బా, తల్లి అమ్మి. కథలు మాత్రం తెలుగులో రాసేవారు. ఆయన సృష్టించిన పాత్ర బిల్కిస్ బీ. గాజుల మలారం భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. గాజులు వేయడానికి చేయి పట్టుకుంటుంది. ఆ చేతిని బట్టి ఆ ఇంట్లో ఏం జరుగుతోందో పసిగడుతుంది. పెళ్లింట్లో పట్టుచీర పోయి పనిమనిషి మీద నింద పడితే, మేనత్త మణికట్టు మీద పెట్టె గొళ్లెం గీరుకున్న గీతను చూసి అసలు సంగతి కనిపెడుతుంది. కానీ ఎవరినీ నలుగురిలో నిలబెట్టదు. చీర తిరిగి పెట్టెలోకి చేరేదాకా గాజులు వేస్తూ కూర్చుంటుంది, అంతే.

ఆ కథలు ఒక వారపత్రికలో ఏళ్ల తరబడి వచ్చాయి. తర్వాత మా సంస్థ పుస్తకాలుగా వేసింది. చదివినవాళ్లు మాస్టర్‌కు కాదు, బిల్కిస్ బీకే ఉత్తరాలు రాసేవారు. "మా ఊరికి ఎప్పుడొస్తవు? మా కోడలు ముభావంగ ఉంటున్నది" అని ఒకావిడ రాసిన ఉత్తరాన్ని నేను మా ఆఫీసు బీరువాలో చూశాను.

వీధి చివర ఇల్లు

మాస్టర్ చనిపోయిన మూడేళ్లకు, అప్పటికే బాగా పేరున్న ఒక రచయిత బిల్కిస్ బీతో కొత్త నవల రాస్తానని మా సంస్థకు వచ్చారు. ఆయన పేరు చెప్పను. మా యజమాని రాఘవరావు గారు నన్ను పిలిచి, "మీ ఊరే కదమ్మా, వెళ్లి సంతకం పెట్టించుకుని రా" అన్నారు.

నేను పొద్దున బస్సెక్కి, తూప్రాన్ మీదుగా వచ్చి, పదకొండు గంటలకు మెదక్‌లో దిగాను. మాస్టర్ కొడుకు వాజిద్‌కు గడియారాలు రిపేరు చేసే చిన్న దుకాణం ఉండేది. నేను విషయం చెప్పగానే అతని మొహం వెలిగిపోయింది.

"అబ్బా పేరు మల్ల నలుగురి నోట్ల పడ్తదంటే నాకు గింత కంటె ఏం గావాలె మేడం? యాడ సంతకం వెట్టాలె?"

"ఇంట్ల అందరికి ఇష్టమేనా?" అని అడిగాను.

"పెద్దోన్ని నేనే గద" అన్నాడు.

వాళ్ల ఇల్లు అదే వీధి చివర. నడిస్తే రెండు నిమిషాలు. మాస్టర్ భార్య ఉన్నారనీ, రఫియా అనే కూతురు ఉందనీ నాకు తెలుసు. తండ్రి రాతల మీద హక్కు వాళ్లకూ ఉంటుందనీ తెలుసు. కానీ సంతకం చేతిలో పడింది, బస్సు వేళయింది. ఆడదాన్నై ఉండి కూడా ఇంట్లో ఆడవాళ్లను అడగాలని నాకు పట్టలేదు.

నవల వచ్చింది. అందులో బిల్కిస్ బీ కొత్తగా కాపురానికి వచ్చిన ఒక పిల్లకు గాజులు వేస్తూ, ఆ పిల్ల చెప్పుకున్న రహస్యాన్ని విని, వెళ్లి అత్తగారికి చెప్పేస్తుంది. కథంతా అక్కడి నుంచే నడుస్తుంది. అచ్చుకు ముందు నేను ఆ ప్రతి చదివాను. మలుపు బాగుందనే అనుకున్నాను. మంచి చెడ్డలు చెప్పడం నా పని కాదని కూడా అనుకున్నాను. అది నా రెండో తప్పు.

పుస్తకం వచ్చిన కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం రఫియా మా ఆఫీసుకు వచ్చింది. అప్పుడామెకు ముప్పై దాటి ఉంటాయి. కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలోంచి ఆ పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది.

"గీ సంతకం కోసం మెదక్ వచ్చింది మీరేనా?"

"అవును."

"మా ఇంటిదాక ఎందుకు రాలే?"

నేనేదో సర్దిచెప్పబోయాను. ఆమె వినలేదు.

"మా అమ్మికి తెలుగు సదవరాదు మేడం. అబ్బా రాసిన ప్రతి కథ నేనే సదివి ఇనిపిస్తుంటి. గిది గూడ అట్లనే ఇనిపిచ్చిన. సగంల ఆపమన్నది. 'నేనెప్పుడు గట్ల జేసిన బేటీ?' అని అడిగింది."

నాకు అర్థం కాలేదు. ఆమెకది తెలిసిపోయినట్టుంది.

"బిల్కిస్ బీ అంటే మా అమ్మి. మేము చిన్నగున్నప్పుడు అబ్బా జీతం సాలక మెదక్ల ఇల్లిల్లు తిరిగి గాజులమ్మింది. ఎవలింట్ల ఏం ఇన్నా బయట ఒక్క మాట చెప్పలే. అబ్బాకు గూడ పేర్లు దీసేసి చెప్తుండె. ఇప్పుడు ఆమె చేతుల గాజులేసుకున్నోళ్లంత గిది సదివి ఏమనుకుంటున్రో అని గడప దాటుత లేదు. చౌరస్తాకు రమ్మంటె రాదు. లగ్గాలకు వోదు."

రాఘవరావు గారు తన గదిలోంచి వచ్చారు. ఆమెను కూర్చోబెట్టారు, మంచినీళ్లు తెప్పించారు. "తప్పు మా సంస్థదమ్మా, ఈమెది కాదు" అన్నారు. కానీ పుస్తకాన్ని వెనక్కి తెప్పించమంటే మాత్రం ఒప్పుకోలేదు. "కాగితం మన దగ్గరుంది" అన్నారు. తర్వాత వకీలు, హక్కుదారులందరి సంతకాలూ లేవు గనక అది సగం కాగితమేనని చెప్పాక, మళ్లీ అచ్చు వేయకుండా చడీచప్పుడు లేకుండా ఆపేశారు. ఆ సంగతి ఆ కుటుంబానికి చెప్పలేదు.

రాఘవరావు గారి దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. కింద పనిచేసేవాళ్లను ఆయన ఎన్నడూ బయటివాళ్ల ముందు తక్కువ చేయలేదు. అయితే ఆ రోజు ఆయన నా తప్పును తన మీద వేసుకోవడం నాకు మేలు చేయలేదని ఇప్పుడు అనుకుంటాను. నేను ఆయన వెనక నిలబడి తల దించుకున్నాను. రఫియాకు నా నోటితో క్షమాపణ చెప్పలేదు.

ఆమె పుస్తకాన్ని బల్ల మీదే వదిలేసి లేచింది. "మా అమ్మి ఉన్నన్ని దినాలు బిల్కిస్ బీని ఇంక ఎవ్వలకియ్యం. రాసిపెట్టుకోండ్రి" అంది.

నేను నిజంగానే రాసిపెట్టుకున్నాను. మాస్టర్ పేరున్న ఫైలు మీద "అడగకూడదు" అని ఎర్ర సిరాతో రాశాను. ఆ తర్వాత ఎవరు అడిగినా ఆ మాటే చూపించి పంపేశాను. నలుగురైదుగురిని అలా పంపి ఉంటాను.

టేక్మాల్ నుంచి వచ్చిన కవరు

రిటైర్‌మెంటుకు ఏడాది ఉందనగా ఒక కవరు వచ్చింది. టేక్మాల్ నుంచి స్రవంతి అనే అమ్మాయి పంపింది. సర్కారు బడిలో టీచరు. అందులో మూడు బిల్కిస్ బీ కథలున్నాయి. ఈ కాలానివి. ఊళ్లో ఫ్యాన్సీ స్టోర్లు వచ్చాయి, ఇంటికొచ్చి గాజులేసేవాళ్లు లేరు, బిల్కిస్ బీ మాత్రం ఇంకా తిరుగుతోంది. ఇప్పుడు ఆడవాళ్ల చేతుల్లో సెల్‌ఫోన్లుంటున్నాయి గనక, గాజు ఎక్కించేటప్పుడు ఫోన్ కింద పెట్టమంటుంది. ఆ కాసేపట్లోనే వాళ్లు మాట్లాడతారు.

నేను ఆఫీసులో కూర్చుని మూడూ ఆపకుండా చదివాను. తర్వాత ఆ అమ్మాయికి ఫోన్ చేసి కోప్పడ్డాను.

"అడగకుండ ఎట్ల రాసినవమ్మా? గీ పాత్రను ఇయ్యరు. ఇరవై ఏండ్ల సంది ఎవ్వలకియ్యలే."

"ఎక్కడ గూడ వెయ్యలే మేడం. ఎవ్వలకు సూపియ్యలే. ఫస్టు మీకే పంపిన."

"పేరు మార్చుకో. గాజులమ్మే ఇంకో ఆమెను వెట్టుకో. ఎవలు గూడ ఏమనరు."

"మార్చి సూసిన మేడం. పేరు మారిస్తె ఆమె నాతోని మాట్లాడ్త లేదు" అంది.

కొత్తవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే: ముందు అడగండి, తర్వాత రాయించండి. రాసేశాక అడిగితే ఎదుటివాళ్ల మెడ మీద కూర్చున్నట్టుంటుంది. కానీ నిజం కూడా చెప్పాలి. ఆ మూడు కథలు నా చేతిలో లేకపోతే నేను మెదక్ వెళ్లి ఉండేదాన్ని కాదు. అనుమతి అడగడానికి ముందు, అడగాల్సినంత పని ఉందని అడిగేవాళ్లకు నమ్మకం ఉండాలి. మొదటిసారి నాకు అది లేదు. రాఘవరావు గారు పొమ్మన్నారు, పోయాను.

ఏ కాగితాలూ లేకుండా

రఫియా ఇప్పుడు బజారులో గాజుల దుకాణం నడుపుతోంది. నేను వెళ్లేసరికి ఇద్దరు పెళ్లివాళ్లు రంగులు చూస్తున్నారు. ఆమె నన్ను గుర్తుపట్టింది.

వాళ్లు వెళ్లేదాకా నిలబడి, "ఆ రోజు నేను మీ ఇంటిదాక రావాలె. రాలే. తప్పు కంపెనీది గాదు, నాది" అన్నాను.

ఆమె గాజులు డబ్బాలో సర్దుతూనే, "గీ మాట చెప్పనీకె ఇరవై ఏండ్లు వట్టిందా?" అంది.

ఇంకో గిరాకీ వచ్చింది. ఆమె అటు తిరిగింది. ఆ రోజు నేను స్రవంతి సంగతి ఎత్తకుండానే తిరిగి వచ్చాను.

రెండోసారి ఒక ఉత్తరంతో వెళ్లాను. ఆ పాత నవలను ఇక ఎన్నటికీ అచ్చు వేయమనీ, దానికి కుటుంబం అనుమతి పూర్తిగా లేదనీ మా సంస్థ ఒప్పుకున్న ఉత్తరం. దాని మీద సంతకం పెట్టించడానికి ఆఫీసులో నేను పడ్డ పాట్లు ఇక్కడ రాయను. రాఘవరావు గారు అప్పటికి లేరు. కొత్తగా వచ్చినవాళ్లకు, ఎవరూ అడగకుండానే తప్పు ఒప్పుకోవడం ఎందుకో అర్థం కాలేదు.

రఫియా ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. మడిచి గల్లాపెట్టెలో పెట్టింది.

"గిది అమ్మికి సదివి ఇనిపిస్త" అంది. తర్వాత, "అక్కా, చాయ్ తాగుతవా?" అని అడిగింది.

చాయ్ తాగుతూ స్రవంతి గురించి చెప్పాను. కథలు ఇవ్వబోతే తీసుకోలేదు. "నేను సదివి ఏం జేస్త? ఆ పిల్లనే తోల్కరా. అమ్మి ముంగట సదవమను. అమ్మి వద్దంటె మల్ల ఈ ముచ్చట తియ్యొద్దు" అంది.

జైనబ్ బీ విన్నది

మాస్టర్ భార్య పేరు జైనబ్ బీ. ఎనభై దాటాయి. నేను ఇరవై ఏళ్ల కిందట వెళ్లకుండా వదిలేసిన ఆ వీధి చివరి ఇంట్లో, గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది. వాజిద్ కూడా వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, "ఆనాడు నేను గూడ అమ్మిని అడగలే మేడం. మీ ఒక్కలదే గాదు తప్పు" అన్నాడు.

స్రవంతి బొట్టనవేలితో కాగితాల అంచు నలుపుతూ చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ అయిపోకముందే జైనబ్ బీ చెయ్యెత్తింది. ఆ అమ్మాయి ఆగిపోయింది. నేను అయిపోయిందనుకున్నాను.

"గాజు ఎక్కేటప్పుడు ఎవలన్న మాట్లాడిస్తరా బేటీ? చేయి బిగవడ్తది. గాజు చిట్లుతది. ఎక్కినంక మాట్లాడియ్యాలె. గట్ల మార్చు."

స్రవంతి పెన్సిల్‌తో రాసుకుంది. మళ్లీ చదివింది. ఇంకోచోట, గాజు జారడానికి చేతికి సబ్బు నీళ్లు అన్నచోట, "చిన్న పిల్లలకు సబ్బు వద్దు. నూనె. సబ్బుతోని మంట వుడ్తది" అంది. ఫోన్ కింద పెట్టమనే చోట మాత్రం గట్టిగా నవ్వింది. "అచ్ఛా జేసింది" అంది, ఎవరో తెలిసినావిడ చేసిన పనిని మెచ్చుకున్నట్టు.

మూడో కథలో ఒక ఆడపిల్ల బిల్కిస్ బీకి తన రహస్యం చెబుతుంది. రఫియా తల్లి మొహాన్నే చూస్తోంది. కథలో ఆ రహస్యం తెలుసుకోవాలని నలుగురూ బిల్కిస్ బీని చుట్టుముడతారు. ఆమె మలారం ఎత్తుకుని, "నాకు గాజుల సైజులే యాదికుంటయి" అని వెళ్లిపోతుంది.

జైనబ్ బీ కళ్లు తుడుచుకుంది. తర్వాత స్రవంతిని దగ్గరికి రమ్మని, "నాదొక మాట ఉన్నది, రాస్తవా?" అని అడిగింది.

మాస్టర్ కథల్లో బిల్కిస్ బీ భర్త లేని మనిషి. ఆమె ఊరంతటికీ గాజులు వేస్తుంది, తన చేతులకు మాత్రం ఒక్కటీ ఉండదు. చదివినవాళ్లందరికీ అది తెలుసు. అది విని జైనబ్ బీ భర్తతో ఎంత కొట్లాడిందో మాకెవరికీ తెలియదు.

"నా చేతులనిండ గాజులుండంగ కథల నా చేతులు బోడిగ వెట్టిండు. నువ్వు బతికే ఉన్నవ్ గద, కథల నిన్ను నువ్వే ఎందుకు సంపుకున్నవ్ అని అడిగేదాన్ని. 'నిన్ను రాయగల్గుత జైనబ్, నన్ను నేను రాసుకోరాదు' అనేటోడు." ఆమె తన చేతుల వైపు చూసుకుంది. మణికట్ల మీద ఏమీ లేవు. "ఇప్పుడు నా చేతులే బోడిగున్నయి. కథల ఆమెకైన గాజులెయ్యి బేటీ. ఆయనను ఇంటికి తెచ్చియ్యి."

నా పనిలో ఇంత కష్టమైన ఘడియ ఇంకొకటి లేదు. అనుమతి ఇచ్చేవాళ్లు కథ ఎలా ఉండాలో చెప్పడం మొదలుపెడితే రాసేవాళ్లకు ఊపిరాడదు. అలా పాడైన పుస్తకాలను నేను చూశాను. అలాగని ఆ ముసలామె ముందు ఒప్పందం గురించి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. సరేనని చెప్పమని స్రవంతికి కళ్లతో సైగ చేశాను.

ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. "మాటియ్యలేను అమ్మా" అంది. "రాసి సూస్త. మంచిగ రాకుంటె తీసేస్త. మీకు ఒట్టిగ అవునని చెప్పి, రేపు ఇంకో తీరు రాస్తె మీకు బాధయితది."

రఫియా వైపు చూడటానికి నాకు భయమేసింది.

జైనబ్ బీ మెల్లగా నవ్వింది. "మాస్టర్ గూడ గిట్లనే అంటుండె. ఏ కథకు గూడ ముంగట మాటియ్యలే" అంది. వాజిద్ వైపు తిరిగి, "కళ్లద్దాలు తే. యాడ వెట్టాలె సంతకం?" అంది. ఉర్దూలో తన పేరు నెమ్మదిగా, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ రాసింది. తర్వాత రఫియా, ఆ తర్వాత వాజిద్.

సంతకాలకు ముందే ఆ కాగితంలో నేను ఒక వాక్యం చేర్చి అందరికీ చదివి వినిపించాను. ప్రతి కథనూ అచ్చుకు ముందు జైనబ్ బీకి చదివి వినిపించాలి, ఆమె మాట వినాలి, చివరి నిర్ణయం మాత్రం రచయిత్రిదే. చట్టం ముందు అది ఎంతవరకు నిలుస్తుందని మా వకీలు అడిగాడు. నిలవకపోవచ్చు. కానీ ఆ గదిలో ఉన్న ఐదుగురికీ అది అర్థమైంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చట్టం హక్కుదారులెవరో చెబుతుంది. వాళ్లందరినీ అడగండి, ఒక్కరినీ వదలకండి. అయితే ఆ పాత్ర ఎవరి ఒంట్లోంచి వచ్చిందో ఏ చట్టమూ చెప్పదు. దాన్ని మీరు వెళ్లి తెలుసుకోవాలి, ఇంట్లో కూర్చుని, చాయ్ తాగి. వాళ్లు వద్దంటే తిరిగి రావడానికి సిద్ధపడే వెళ్లాలి. ఒకసారి వద్దన్నారు గదా అని నాలాగా ఫైలు మీద ఎర్ర సిరాతో రాసి మూసేయకండి. రఫియా ఆ రోజు వద్దన్నది బిల్కిస్ బీని ఇవ్వడాన్ని కాదు, మేము అడిగిన తీరును.

కొత్త కథ

నేను రిటైరై మెదక్ వచ్చాక స్రవంతి నాలుగో కథ పట్టుకొచ్చింది. ఎన్నిసార్లు రాసి చింపిందో ఆమెకే తెలుసు. అందులో బిల్కిస్ బీ పొద్దుగూకే వేళ ఇంటికి వస్తుంది. వాకిట్లో ఆమె భర్త కూర్చుని ఉంటాడు. ఆమె చేతులకు ఆకుపచ్చ గాజులుంటాయి. మలారం దించడానికి అతను సాయం పడతాడు. రోజంతా ఏం చూసిందో ఆమె చెబుతుంటే, ఒక్క మాటా మాట్లాడకుండా తలూపుతూ వింటాడు. అంతే ఆ భాగం, ఒక పేజీ కూడా లేదు.

ఈసారి రఫియానే చదివింది. నేనూ స్రవంతీ ఎదురుగా కూర్చున్నాం. ఆకుపచ్చ గాజుల దగ్గర జైనబ్ బీ "ఊఁ" అంది. భర్త తలూపే చోటు వచ్చింది. ఆమె కనుబొమ్మలు ముడిచింది.

"ఆగు. ఈయన ఎవలు?"

"అబ్బానే అమ్మి" అంది రఫియా.

"మీ అబ్బా గింత సేపు సప్పుడు చేయక ఇంటడా? నన్ను ఒక్క మాట పూర్తిగ చెప్పనిచ్చెటోడా? నడిమిట్ల పది ప్రశ్నలడుగుతుండె. గాజులు ఏ రంగువి, ఆమె ఏ దిక్కు మొగం వెట్టి కూసున్నది, ఎందుకు నవ్వింది అని పానం దీస్తుండె." ఆమె మంచం మీద ఒక పక్కకు జరిగి, స్రవంతికి చోటు చూపించింది. "గిట్ల కూసో బేటీ. పెన్సిల్ దియ్యి. ఆయనెట్ల మాట్లాడ్తుండెనో నేను చెప్త."